యాంటిక్ గాజు కొనే ముందు: 365 యూవీ టార్చ్ ఎంతవరకు పనికొస్తుంది?

పాత ఆర్ట్ గ్లాస్, ల్యాంపులు కొత్తగా కొనడం మొదలుపెట్టిన వాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "యూవీ టార్చ్ ఒకటి కొంటే చాలా?" యూవీ అంటే కంటికి కనపడని అతినీలలోహిత వెలుగు. నేను వాడేది 365 నానోమీటర్ల (ఆ వెలుగు తరంగం పొడవు) టార్చ్, కంటికి కనపడే వెలుతురును ఆపే నల్ల గాజు ఫిల్టర్ ముందు ఉన్నది. అతుకులు, పూడ్చిన పెచ్చులు పట్టుకోవడంలో దీన్ని మించిన సాధనం నాకు దొరకలేదు. వస్తువు అసలుదా, నకిలీదా అని తేల్చే పనికి మాత్రం ఇదొక్కటే పట్టుకుని వెళ్లకండి.

కొనేటప్పుడు నంబర్ చూసుకోండి. చవగ్గా దొరికేవాటిలో ఎక్కువ భాగం 395 నానోమీటర్లవి. వాటి నుంచి ఊదా వెలుతురు కూడా బోలెడు వస్తుంది. అది గాజు మీద పరుచుకుని, గాజు ఇచ్చే సన్నని మెరుపును కప్పేస్తుంది. యురేనియం గాజు, అంటే రంగు కోసం యురేనియం కలిపిన గాజు, ఎలాగూ పచ్చగా భగ్గుమంటుంది కాబట్టి దానికి 395 అయినా చాలు. మాంగనీసు కలిసిన గాజు, పాత మరమ్మతు జిగురు లాంటి మసకగా వెలిగేవాటి దగ్గరే 365కీ, నల్ల ఫిల్టర్‌కీ విలువ తెలుస్తుంది. ఈ టార్చ్‌తో నాకున్న ఫిర్యాదులు రెండే. ఎక్కువసేపు వెలిగిస్తే తల వేడెక్కుతుంది. వెలుగు సన్నగా పడుతుంది కాబట్టి పెద్ద షేడ్‌ను ముక్కముక్కగా చూసుకుంటూ పోవాలి. వెలుగును కళ్లలోకి పడనివ్వకండి, యూవీని ఆపే కళ్లజోడు పెట్టుకోండి.

ఇది చేసే అసలు పని ఏమిటో ఒక వాజ్ దగ్గర చూశాను. రెండు రంగుల పొరలు, పైపొరను యాసిడ్‌తో కరిగించి తీర్చిన పూలు, కింద సంతకం. "ఎక్కడా పెచ్చు కూడా ఊడలేదు" అన్నాడు అమ్మే ఆయన. మామూలు వెలుతురులో నాకూ ఏ లోపం కనపడలేదు. లైట్లు ఆపమంటే కాస్త ఇబ్బంది పడ్డాడు గానీ ఆపాడు. టార్చ్ వెయ్యగానే అంచు మీద గోరంత మేర పాలనీలం రంగులో వెలిగింది, చుట్టూ ఉన్న గాజు మాత్రం చీకటిగానే ఉంది. అది పెచ్చు ఊడిన చోట రెసిన్ పోసి, నునుపు చేసి, రంగు కలిపిన మరమ్మతు. ఈ కాలపు ఎపాక్సీ జిగుర్లు చాలావరకు యూవీలో ఇలాగే వెలుగుతాయి. మరమ్మతు చేసి ఉండటం తప్పు కాదు, దాచిపెట్టడమే తప్పు. వాజ్ అక్కడే పెట్టేసి వచ్చాను. రంగు గాజు ముక్కలను సీసం గీతలతో కలిపిన ల్యాంపు షేడ్‌లోనూ ఇదే పద్ధతి. పక్కపక్కన ఉన్న ఒకే రంగు ముక్కల్లో ఒకటి వేరేగా వెలిగితే దాన్ని తర్వాత మార్చారేమోనని అడగాలి.

ఇక చాలామంది పొరబడే విషయం. పచ్చగా వెలిగితే పాతది అనుకుంటారు. యురేనియం గాజు ఇప్పటికీ తయారవుతూనే ఉంది. ఆ పచ్చ వెలుగు గాజులో ఏం కలిపారో చెబుతుంది, ఎప్పుడు కలిపారో చెప్పదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలా డబ్బు మిగులుతుంది.

అందుకే టార్చ్‌తో పాటు పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం జేబులో ఉండాలి. నన్నడిగితే రెండిట్లో ముందు కొనాల్సింది అదే. వస్తువును తిరగేసి అడుగు చూడండి. ఏళ్ల తరబడి బల్లల మీద జరిగిన గాజుకు, బల్లను తాకే అంచు మీద మాత్రమే గీతలుంటాయి. అవీ అన్ని దిక్కులకూ, కొన్ని లోతుగా, కొన్ని పైపైన. గరుకు కాగితంతో రుద్దినవి ఒకే దిక్కుకు బారులు తీరి ఉంటాయి. బల్లకు తగలని గుంటలో కూడా అరుగుదల కనిపిస్తే అది చేత్తో తెప్పించిందే. తర్వాత సంతకం చూడండి. పాత సంతకం మీదుగా అరుగుదల గీతలు దాటి వెళ్తాయి. నిన్నమొన్న చెక్కినదైతే సంతకమే పాత గీతలను కోసుకుంటూ పోతుంది, అంచులు తెల్లగా, పదునుగా ఉంటాయి. ఈ తేడా ఒకసారి కంటికి పట్టిందంటే ఇక మర్చిపోరు.

సంతకంలోని అక్షరాలు కూడా కాలాన్ని చెబుతాయి. ఫ్రెంచ్ గాజు కళాకారుడు ఎమిల్ గాలే 1904లో చనిపోయాడు. ఆ తర్వాత కొన్నేళ్లు ఆయన కార్ఖానా సంతకంలో గాలే పేరు పక్కన ఒక నక్షత్రం చేర్చింది. నక్షత్రం ఉన్న వాజ్‌ను "ఆయన బతికుండగా చేసింది" అని ఎవరైనా అమ్మజూపితే ఆ మాట నిలబడదు. రుమేనియా నుంచి వచ్చే కొత్త నకళ్ల మీద గాలే పేరుతో పాటు 'టిప్' అని ఉంటుంది. కొందరు ఆ మూడక్షరాలను అరగదీసి అమ్ముతారు, కాబట్టి పేరు పక్కన గాజు పల్లంగానో, మసకగానో ఉందేమో వేలితో తడిమి చూడండి. మరో ఫ్రెంచ్ గాజు కళాకారుడు లాలీక్‌ది ఇంకో కథ. రెనే లాలీక్ 1945లో పోయాక సంతకంలోంచి రెనేకు గుర్తైన 'ఆర్' అక్షరం తీసేశారు. పాత డిజైన్లలో కొన్ని ఆ తర్వాత కూడా తయారయ్యాయి. కొత్తదానికి ఒక 'ఆర్' చెక్కితే ధర పెరుగుతుంది, మోసం అక్కడే మొదలవుతుంది.

ల్యాంపుల దగ్గర టార్చ్ కంటే స్క్రూడ్రైవర్ మీద నాకు ఎక్కువ నమ్మకం. రంగు గాజు ల్యాంపులకు పేరుపడ్డ అమెరికా సంస్థ టిఫనీ స్టూడియోస్ 1932లో దివాలా తీసింది. నాలుగు గాడుల ఫిలిప్స్ స్క్రూకు పేటెంట్ వచ్చింది 1936లో. టిఫనీ ల్యాంపు అని చూపించినదానికి అలాంటి స్క్రూ ఉంటే, దాన్ని ఎవరు, ఎప్పుడు బిగించారో అమ్మేవాళ్లు చెప్పాలి. వైర్లు, సాకెట్లు మార్చడం వేరు, అది భద్రత కోసం చేస్తారు, దానికి నేను తల ఊపేస్తాను. స్టాండ్‌కు అయస్కాంతం అతుక్కుంటే అది కంచు కాదు, ఇనుము. అతుక్కోకపోతే కంచని కూడా ధీమాగా ఉండొద్దు, జింక్‌కూ అతుక్కోదు. షేడ్ లోపలి అంచున సంస్థ పేరు కొట్టిన చిన్న లోహపు పట్టీ, స్టాండ్ అడుగున నంబర్ ఉంటే మంచిదే గానీ నకిలీ పట్టీలూ ఉన్నాయి. ఒక ల్యాంపు స్టాండ్‌కు ఇంకో ల్యాంపు షేడ్ తగిలించడమూ మామూలే.

వీటన్నిటికంటే నేను ఎక్కువసేపు చూసేది గాజునే. టిఫనీ దగ్గర క్లారా డ్రిస్కాల్ నడిపిన విభాగంలో మహిళలు పెద్ద పలకల్లో ఏ చోట ఏ ఛాయ ఉందో వెతికి, ఒక్కో ఆకుకూ, ఒక్కో రేకుకూ ముక్క ఎంచి కోసేవారు. అందుకే బల్బు వెలిగిస్తే రేకు మొదట్లో ముదురుగా, కొసన లేతగా రంగు మారుతూ ఉంటుంది. ఆ రంగు గాజు పోతలోనే ఉంటుంది, పైన పూసింది కాదు. చవక నకళ్లలో ఆకులన్నీ ఒకే పచ్చ. వెలిగించి ఒకసారి, ఆపి ఒకసారి చూడకుండా ఏ ల్యాంపూ కొనకండి.

చివరగా టార్చ్ సంగతి. ఐదుకు నాలుగు ఇస్తాను. ఇప్పటికే భూతద్దం వాడటం అలవాటైన వాళ్లు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. ఆన్‌లైన్‌లో వస్తువు కొనేవాళ్లు అడుగు భాగం, సంతకం దగ్గరి ఫొటోలు, చీకట్లో యూవీ వేసి తీసిన ఫొటో అడగండి. అసలుది కాదని తేలితే డబ్బు వాపస్ ఇస్తామని రాతలో తీసుకున్నాకే చెల్లించండి.