మళ్ళీ చదవడమా, పుస్తకం మూసి రాయడమా? జీవశాస్త్రం రివిజన్‌కి ఏది మేలు

ప్రత్యుత్పత్తి, జన్యుశాస్త్రం, జీవవైవిధ్యం ఒకసారి చదవడం అయిపోయింది. పరీక్షకి ఇంకో పది రోజులుంది. ఇప్పుడు చాలామంది పుస్తకం తీసి మళ్ళీ మొదటి పేజీ నుంచి చదువుతారు, గీతలు పెట్టుకుంటారు. రెండో పద్ధతిలో పుస్తకం మూసేసి, తెల్ల కాగితం మీద గుర్తున్నది రాసి, తప్పుల్ని ఎర్ర సిరాతో దిద్దుకుంటారు.

మళ్ళీ చదవడం హాయిగా ఉంటుంది. ప్రతి లైనూ తెలిసినట్టే కనిపిస్తుంది కాబట్టి టెన్షన్ తగ్గుతుంది. కానీ చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తుతెచ్చుకోవడం వేరు. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్నే విద్యార్థుల మీద పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత అడిగితే, చూడకుండా రాసినవాళ్ళు ముందుకొచ్చారు. మన పరీక్ష ఐదు నిమిషాల్లో లేదు కదా!

ప్రత్యుత్పత్తి పాఠంలో ఈ తేడా వెంటనే తెలుస్తుంది. పుష్పించే మొక్కల పిండకోశం (అండకణం ఏర్పడే భాగం) బొమ్మ పుస్తకంలో చూస్తే చాలా తేలిక. మూసి గీయబోతే మూడు కణాలు అండద్వారం వైపు ఉన్నాయా, అవతలి వైపు ఉన్నాయా అని చెయ్యి ఆగిపోతుంది. నిజానికి రెండు చివర్లా మూడేసి, మధ్యలో రెండు కేంద్రకాలున్న పెద్ద కణం ఒకటి. ఏడు కణాలు, ఎనిమిది కేంద్రకాలు. ఒకసారి తప్పు గీసి దిద్దుకుంటే ఈ లెక్క ఇక మర్చిపోరు. రుతుచక్రం హార్మోన్లు కూడా అంతే. 28 రోజుల గీత గీసి, ఎల్‌హెచ్ (అండం విడుదలకి కారణమయ్యే హార్మోన్) ఎప్పుడు ఎగసిపడుతుందో, అండం ఎప్పుడు విడుదలవుతుందో మీరే గుర్తుపెట్టండి.

జన్యుశాస్త్రానికి మళ్ళీ చదవడం దాదాపు పనికిరాదని నా గట్టి నమ్మకం. రెండు లక్షణాల సంకరణంలో వచ్చే 9:3:3:1 నిష్పత్తి అందరికీ నోటికొచ్చు. అయినా లెక్కలో మార్కులు పోతాయి. తల్లి వర్ణాంధత్వానికి వాహకురాలు (జన్యువు ఉంది కానీ లోపం కనిపించదు), తండ్రి చూపు మామూలే అనుకుందాం. కొడుకుల్లో ఎందరికి వర్ణాంధత్వం వచ్చే అవకాశం ఉంది? సగం మందికి. మొత్తం పిల్లల్లో? నాలుగో వంతుకి. ఒకే గడుల పట్టిక, రెండు ప్రశ్నలు, రెండు జవాబులు. ప్రశ్నలో ‘కొడుకుల్లో’ అన్న ఒక్క మాటని పట్టుకోవడం లెక్కలు చేసిన చేతికే అలవాటవుతుంది. రోజుకి ఐదు లెక్కలు చాలు. కానీ రక్తవర్గాలు, లింగసహలగ్నత (లింగ క్రోమోజోముల మీది జన్యువులు), ద్విసంకరణం (రెండు లక్షణాల సంకరణం) కలిపి చేయండి. ఒకే రకం వరసగా చేస్తే ఏ పద్ధతి వాడాలో ముందే తెలిసిపోతుంది, పరీక్షలో ఆ సాయం ఉండదు.

జీవవైవిధ్యం దగ్గర మాత్రం చదవడానికి కాస్త చోటిస్తాను. ఇది కారణాలు, ఉదాహరణల పాఠం. విక్టోరియా సరస్సులోకి నైల్ పెర్చ్ చేపని వదిలాక అక్కడి సిక్లిడ్ చేపల జాతులు 200కి పైగా అంతరించాయని కథలా చదివితే, పరాయి జాతుల ప్రమాదం ఏంటో మనసుకి తగులుతుంది. ఆ తర్వాత మాత్రం పుస్తకం మూసి, జాతులు అంతరించడానికి నాలుగు కారణాలూ, ఒక్కోదానికి ఒక ఉదాహరణా రాయండి. మూడు దగ్గరే ఆగిపోతే చాలాసార్లు మిగిలేది సహవిలుప్తత (ఒక జాతి పోతే దాని మీద ఆధారపడ్డదీ పోవడం).

ఒక్క మినహాయింపు ఉంది. క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్య సగమయ్యే కణవిభజన) అసలు అర్థం కాలేదంటే, ఖాళీ కాగితం ముందు కూర్చుని లాభం లేదు. ముందు నిదానంగా చదవండి, ఎవరినైనా అడగండి. అర్థమయ్యాకే రెండో పద్ధతి పనిచేస్తుంది.

అర్థమైన పాఠానికి మాత్రం నా ఓటు మూసి రాయడానికే. అదీ ఒకే రోజు మూడుసార్లు కాదు. ఇవాళ, రెండు రోజులాగి, మళ్ళీ వారానికి. పరీక్ష ముందు సాయంత్రం పుస్తకమంతా తిరగేయకుండా, ఎర్ర సిరా పడ్డ కాగితాలు మాత్రం చూసుకుని పెందరాళే పడుకోండి.