స్పితి దారిలో నాలాలు, మా బావమరిది జీపు స్నార్కెల్

మనాలి నుంచి హిమాచల్ స్పితి లోయలోని కాజాకు సొంత బండిలో వెళ్ళాలనుకునేవారు ముందుగా అడిగే ప్రశ్న, నాలాలు, అంటే దారికి అడ్డంగా పారే కొండవాగులు దాటడానికి స్నార్కెల్ (ఇంజనుకు పైకప్పు ఎత్తు నుంచి గాలి అందించే గొట్టం) పెట్టించుకోవాలా అన్నదే. స్నార్కెల్ ఉన్న డీజిల్ థార్ ఒకటి, లేని డీజిల్ థార్ ఒకటి, ఒకదాని వెనుక ఒకటిగా ఈ ఆగస్టులో ఆ దారంతా తిరిగి వచ్చాయి కనుక, నా జవాబు మొదటే చెప్పేస్తాను: స్పితికి అది అవసరం లేదు, సరిగ్గా బిగించని స్నార్కెల్ అయితే అసలు లేకపోవడమే నయం. ఇంత కటువుగా చెప్పడానికి కారణం నీళ్ళు కాదు. హైదరాబాదులో ఒక కారు యాక్సెసరీస్ దుకాణంవారు మా బావమరిది దగ్గర 18,500 రూపాయలు తీసుకుని, కుడివైపు ఫెండరుకు రంధ్రం చేసి, బండికి ఒక అలంకారం తగిలించి పంపారు. "నడుము లోతు నీళ్ళలోనైనా నిశ్చింతగా దిగండి సార్" అన్న మాట దానికి ఉచితం. బిల్లు మీద మాత్రం "యాక్సెసరీస్" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ లేదు.

హైదరాబాదు నుంచి మనాలి దాకా రెండు వేల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణంలో చెప్పుకోదగినదేమీ జరగలేదు. మనాలిలో 2,200 రూపాయల గది శుభ్రంగా ఉంది. 2020 అక్టోబరులో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం వల్ల రోహ్తాంగ్ ఎక్కే పని, దాని పర్మిట్ల తంటా తప్పాయి. సొరంగం దాటి కోక్సర్ మీదుగా గ్రంఫూ చేరి, అక్కడ కాజా వైపు తిరిగాక తారు క్రమంగా మాయమై, చంద్రా నది పక్కనే గుండ్రాళ్ళ దారి మొదలవుతుంది. మా బావమరిది ముందు నడుపుతున్నాడు. నీళ్ళు కనిపించినప్పుడల్లా అతని హారను మోగేది. మా ఆవిడ మాత్రం నా పక్కన కూర్చుని, ప్రతి నాలా దగ్గరా సీటు అంచును గట్టిగా పట్టుకునేది.

ఆ నీళ్ళ స్వభావం తెలిస్తే స్నార్కెల్ చర్చ సగం తేలిపోతుంది. అవి వానకు వచ్చే వాగులు కావు, పైనున్న హిమానీనదాలు కరిగి వచ్చే నీళ్ళు. రాత్రి చలికి కరగడం తగ్గుతుంది కాబట్టి తెల్లవారుజామున పిక్కల లోతు ఉన్న నాలా, ఎండ ముదిరాక మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు తొడల దాకా వస్తుంది, అడుగున రాళ్ళను దొర్లిస్తూ వస్తుంది. ఛత్రూ దాటిన తరువాత మాకు ఎదురైన నాలా దగ్గరికి మేము వెళ్ళేసరికి సాయంత్రం నాలుగు కావస్తోంది. మా బావమరిది దిగి చూసి, "బావా, నాకు స్నార్కెల్ ఉంది కదా, ముందు నేను వెళ్ళి తాడు వేస్తాను" అన్నాడు. అవతలి ఒడ్డున ఆగి ఉన్న టెంపో ట్రావెలర్ డ్రైవరు రెండు చేతులూ ఊపి వద్దని సైగ చేశాడు. ఇవతల మా వెనుక ఆగిన స్థానిక డ్రైవరు ఇంకా సూటిగా, గాలి పైనుంచి తీసుకుంటుంది సరే, నీళ్ళు బండిని పక్కకు తోస్తే ఆ గొట్టం పట్టుకుని ఆపుతుందా అని అడిగాడు. మా ఆవిడ ఒక్క మాటే అంది: "తమ్ముడూ, తాళాలు ఇలా ఇయ్యి."

ఆ డ్రైవరు అడిగినదే అసలు లెక్క. పారే నీళ్ళు 30 సెంటీమీటర్లు ఉంటే చిన్న కార్లు, 60 సెంటీమీటర్లు ఉంటే చాలావరకు పెద్ద బండ్లు కూడా పట్టు తప్పి కొట్టుకుపోగలవు. థార్‌కు కంపెనీ చెప్పే లోతు 650 మిల్లీమీటర్లు. దాని టైరు ఎత్తు సుమారు 780 మిల్లీమీటర్లు కాబట్టి ఆ హద్దు టైరులో ఐదింట నాలుగు వంతులను దాటుతుంది. ఆ దారిలో అంతకు మించిన లోతు వచ్చేలోపే ప్రవాహం మిమ్మల్ని ఆపేస్తుంది. ఇంజను గాలి పీల్చుకునే మూతి బానెట్ అంచు కింద ఉంటుంది, అక్కడిదాకా నీళ్ళు వచ్చాయంటే బండి అప్పటికే తేలుతూ ఉంటుంది. ఇంకొక పోలిక చూడండి. స్నార్కెల్‌తోనే కంపెనీ నుంచి వచ్చిన ఫోర్స్ గుర్ఖాకు చెప్పిన లోతు 700 మిల్లీమీటర్లు, అంటే స్నార్కెల్ లేని థార్ కన్నా 50 మిల్లీమీటర్లే ఎక్కువ. ల్యాండ్ రోవర్ డిఫెండర్ బండిని పైకి లేపే ఎయిర్ సస్పెన్షన్‌తో, బయటికి కనబడే గొట్టమేదీ లేకుండానే 900 మిల్లీమీటర్లు చెబుతుంది. లోతు హద్దును నిర్ణయించేది ఒక్క గాలి మూతి కాదు. ఆల్టర్నేటరు, వైరింగు కనెక్టర్లు, ఫ్యాను, డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యనుండే గేర్ల పెట్టె) బ్రీదర్లు అనే గాలి రంధ్రాలు, తలుపుల రబ్బర్లు అన్నీ కలిసి నిర్ణయిస్తాయి. దుకాణదారు వీటిలో ఒక్కదాన్ని పైకి ఎత్తి, బండి మొత్తానికి కొత్త హద్దు వచ్చినట్టు చెప్పడమే నాకు నచ్చనిది.

ఆ రాత్రి వెనక్కి ఛత్రూ వచ్చి ఢాబాలో పడుకున్నాం. మంచానికి 400, రాజ్మా చావల్ 150 రూపాయలు. అన్నం వేడిగా, ఎంత అడిగితే అంత పెట్టారు కాబట్టి దానికి వంక పెట్టను. రజాయిలు మాత్రం తడిసి ఆరనివి, నలుగురికి మూడే ఇచ్చి, నాలుగోది అడిగితే ఇంకో 100 అన్నారు. మా బావమరిది ఎవరితోనూ మాట్లాడకుండా ఆ తడి రజాయిలో ముడుచుకుని పడుకున్నాడు. అతని స్నేహితుడు రాత్రంతా తలనొప్పితో మూలుగుతూ, స్నార్కెల్ ఉంది కదా అని ఈ యాత్రకు వచ్చానని నాలుగైదు సార్లు అన్నాడు. ఉదయం ఆరింటికి అదే నాలా మోకాలికి దిగువన ఉంది. ఫోర్ లోలో (నాలుగు చక్రాలకూ తక్కువ వేగంలో ఎక్కువ బలం ఇచ్చే అమరికలో) మొదటి గేరు వేసి, మధ్యలో క్లచ్ తొక్కకుండా, ఒకే వేగంతో రెండు బండ్లూ ఒక నిమిషంలో దాటాయి.

చంద్రతాల్ దగ్గర గుడారాల్లో మనిషికి 2,400 రూపాయలు తీసుకున్నారు. 2005 నుంచి రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో ఉన్న సరస్సు కాబట్టి ఒడ్డున గుడారాలు వేయనివ్వరు. అది సబబే, కానీ దూరంగా వేసిన గుడారంలో చన్నీళ్ళు, ఆరిన చపాతీలు ఇచ్చి ఆ ధర అడగడం సబబు కాదు. బాతల్‌లోనే ఆగి, పగటిపూట సరస్సు చూసి రావడం మేలు. కుంజుం కనుమ దాటి లోసర్ నుంచి కాజా దాకా దుమ్ము తప్ప వేరే ఇబ్బంది లేదు. కాజాలో రెండు పూటల భోజనంతో గదికి 1,800 రూపాయలు తీసుకున్న హోమ్‌స్టే పెద్దావిడ పెట్టిన తుక్పా (నూడుల్స్ సూపు), ఆమె చేతి బార్లీ రొట్టె తిన్నాక మా బావమరిది ముఖంలో మళ్ళీ నవ్వు కనిపించింది.

ఆ నవ్వు మరునాటి ఉదయం మెకానిక్ షెడ్డు దాకానే నిలిచింది. దుమ్ములో వచ్చాం కదా, ఫిల్టర్లు దులిపిద్దామని రెండు బండ్లూ తీసుకువెళ్ళాం. ఆ మెకానిక్ కుర్రవాడు స్నార్కెల్‌ను చూసి, ఇంజను స్టార్ట్ చేసి, గొట్టం పైమూతిని రబ్బరు ముక్కతో గట్టిగా మూశాడు. గాలి ఆ గొట్టంలో నుంచే వెళుతుంటే ఇంజను రెండు, మూడు క్షణాల్లో ఊపిరాడక ఆగిపోవాలి. మా బావమరిది బండి ఏ మార్పూ లేకుండా ఆడుతూనే ఉంది. బానెట్ ఎత్తి చూస్తే సంగతి బయటపడింది. ఫెండరు లోపల గొట్టాన్ని ఎయిర్ బాక్సుకు (ఫిల్టరు ఉండే పెట్టెకు) కలిపే చోట క్లాంపు లేదు, సిలికాన్ పూసి వదిలారు, అదీ ఊడిపోయింది. నీరు కారిపోవడానికి కంపెనీ ఎయిర్ బాక్సు అడుగున పెట్టిన రంధ్రాన్ని కూడా మూయలేదు. అంటే ఇంజను ఇన్ని వేల కిలోమీటర్లూ బానెట్ కింది గాలినే పీలుస్తోంది. ఆ సందు ఫిల్టరుకు ముందు ఉండటం వల్ల దుమ్ము ఫిల్టరు దగ్గరే ఆగింది, ఇంజనులోకి పోలేదు. నీళ్ళకు మాత్రం ఆ కాగితపు ఫిల్టరు అడ్డుకాదు.

నీళ్ళు పోతే ఏమవుతుందో లెక్క వేస్తే భయం వేస్తుంది. 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు సుమారు 550 సీసీ. కుదింపు నిష్పత్తి 16 అనుకుంటే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 37 సీసీ, రెండున్నర టేబుల్ స్పూన్లు. గాలి కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. కాబట్టి అంతకన్నా ఎక్కువ నీరు చేరిన సిలిండరులో పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందుకే నీళ్ళలో ఇంజను ఆగితే మళ్ళీ స్టార్ట్ చేయకూడదు. ఇలా చెడిన ఇంజనుకు మామూలు సమగ్ర బీమా సాధారణంగా డబ్బు ఇవ్వదు, ఇంజను రక్షణ అనే అదనపు కవరు తీసుకుని ఉండాలి. నేను దానికి ఏటా 2,300 రూపాయల దాకా కడుతున్నాను, స్నార్కెల్ ఖర్చుతో ఎనిమిదేళ్ళు కట్టవచ్చు. పైగా బయట అమర్చిన మార్పులను బీమా సంస్థకు ముందే తెలియజేయకపోతే అదే వంకగా క్లెయిము చిక్కుల్లో పడుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని కట్టడి చేస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. రంధ్రం చేసే ముందు దుకాణంవారు ఇవేవీ చెప్పరు.

కాజా మెకానిక్ రెండు క్లాంపులు, ఒక రబ్బరు మూత వేసి, ఎయిర్ బాక్సు కడిగి మొత్తం 650 రూపాయలు తీసుకున్నాడు. మళ్ళీ పైమూతి మూస్తే ఈసారి ఇంజను ఆగింది. హైదరాబాదులో 18,500కు జరగని పని అది. మా బావమరిది అక్కడి నుంచే దుకాణానికి ఫోను చేస్తే, లోతు నీళ్ళలో దిగారా లేదా అని అడిగి, దిగలేదంటే మరి నష్టమేముంది సార్ అన్నారట. ఆ సాయంత్రం అతను అన్నం సరిగ్గా తినలేదు.

స్నార్కెల్ అసలు ఎవరికీ పనికిరాదని నేను అనను. కాన్వాయ్‌లో వెనుక నడిచేవారికి బానెట్ ఎత్తులో కన్నా పైకప్పు ఎత్తులో గాలి శుభ్రంగా ఉంటుంది. ఫిల్టరు ఎక్కువ కాలం మన్నుతుంది. గోవాలో జరిగే రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ వంటి పోటీల బురద గుంటల్లో, నిలిచిన లోతు నీళ్ళలో తిరిగేవారికి అది కావలసిందే. మనవైపు మారేడుమిల్లి, చింతూరు ఏజెన్సీ వాగులకు నా సలహా స్పితికి చెప్పినదే: నడిచి దాటలేని ప్రవాహంలో బండితో దిగకండి, నీట మునిగిన చప్టా అంచు కనిపించకపోతే ఆగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మునిగినవాటిలో ఆగి ఉన్న బండ్లు ఎన్నో, వాటికి గొట్టం పెట్టినా ఫలితం ఉండేది కాదు.

నాలాల కోసమే ఖర్చు పెట్టాలంటే ముందు డిఫరెన్షియల్, గేర్‌బాక్సుల బ్రీదర్లకు పొడుగు గొట్టాలు వేయించండి, నాకు 2,600 అయింది. వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదరు పూడితే సీళ్ళ సందుల్లోంచి నీటిని పీలుస్తుంది. తిరిగి వచ్చాక నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మార్చాల్సిందే. తరువాత మంచి టైర్లు, ఒక తాడు, రెండు షాకిల్స్ (తాడు తగిలించే ఇనుప కొక్కేలు). అన్నిటికన్నా ముందు పొద్దున్నే బయలుదేరడం, దానికి ఖర్చు లేదు.

హైదరాబాదు చేరాక దుకాణంవారు నాలుగు వాయిదాల తరువాత 4,000 రూపాయలు వెనక్కి ఇచ్చారు. రంధ్రం పడ్డ ఫెండరు మార్చి రంగు వేయడానికి వర్క్‌షాపులో 11,800 అడిగారు కాబట్టి, మా బావమరిది స్నార్కెల్‌ను తీయించలేదు. వచ్చే ఏడాది రాజస్థాన్ ఇసుకలోకి వెళదామంటున్నాడు, అక్కడైతే దాని మీద నాకు అభ్యంతరం లేదు.