ఉద్యోగులు నోరు విప్పాలంటే: పేరు లేని ఫారమా, టౌన్‌హాలా, టయోటా తాడా?

టీములు నడిపే మిత్రులు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "మీటింగులో ఎవరూ మాట్లాడరు. పేరు రాయక్కర్లేని ఫారం పెడదామా, టౌన్‌హాల్ పెడదామా?"

టౌన్‌హాల్ అంటే ఉద్యోగులందరినీ ఒకచోట కూర్చోబెట్టే మీటింగు; కంపెనీ కబుర్లు చెప్పడానికి బాగుంటుంది. వందలమంది ముందు పై అధికారికి నచ్చని ప్రశ్న వేసేవాళ్లు అరుదు.

పేరు లేని ఫారం భయం తగ్గిస్తుంది, నిజమే. కానీ "టెస్టింగ్ చెయ్యకుండానే సంతకాలు పెడుతున్నారు" అని ఎవరో రాస్తే, ఏ షిఫ్టులో, ఎప్పటినుంచి అని అడగడానికి మనిషి దొరకడు. చిన్న టీములోనైతే రాసిన తీరు చూసి ఎవరో పట్టేస్తారు కూడా. అమెరికాలో పైలట్లూ తదితర విమాన సిబ్బంది పొరపాట్లు చెప్పుకోవడానికి నాసా 1976 నుంచి నడుపుతున్న వ్యవస్థ దీనికి మంచి దారి చూపింది. అవసరమైతే ముందు ఫోన్ చేసి వివరాలడుగుతారు, తర్వాతే పేరు తీసేస్తారు. తెలుసుకున్నవి నెలనెలా అందరికీ పంచుతారు.

నేను మొగ్గేది మాత్రం టయోటా తాడు వైపే. టయోటా ఫ్యాక్టరీలో కార్లు తయారయ్యే లైనులో పనిచేసే ఎవరికైనా లోపం కనిపిస్తే పక్కనే ఉన్న తాడు లాగుతారు. టీమ్ లీడర్ అక్కడికే వస్తాడు. సమస్య వెంటనే తేలకపోతే లైను ఆగుతుంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన ప్లాంటును 1984లో టయోటాతో కలిసి మళ్లీ తెరిచారు. పనివాళ్లలో ఎక్కువమంది పాతవాళ్లే. ఒకప్పుడు లైను ఆపితే ఉద్యోగానికే ముప్పన్న చోట, వాళ్లే తాడు లాగారు, కార్ల నాణ్యతా పెరిగింది.

నా దృష్టిలో అసలు కీలకం ఇక్కడే ఉంది. మొదట మాట్లాడినవాళ్లకి ఏమైందో మిగతావాళ్లంతా గమనిస్తుంటారు. మన ఆఫీసుల్లో సమస్య చెప్పినవాడికే "అయితే నువ్వే చూడు" అని ఆ పని అంటగడతారు, అప్రైజల్‌లో "టీమ్‌తో కలవడు" అని రాస్తారు. ఇది చూశాక ఏ ఫారం పెట్టినా ఎవరు నింపుతారు? సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఆపాలని టెస్టర్ అంటే, లీడ్ ఆ రోజే వెళ్లి కూర్చుని వినాలి. ఆపకూడదనుకుంటే ఎందుకో ఆమెకే చెప్పాలి. ఇందుకు బడ్జెట్ అక్కర్లేదు.

తాడు పనికిరాని చోటొకటుంది: వచ్చే లీడరే తప్పు చేసినవాడైతే. వేధింపులు, డబ్బు మోసాల్లాంటివాటికి చట్టం చూపిన దారులే కావాలి. పనిచేసే చోట లైంగిక వేధింపులపై మన దేశంలో వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమందికి తగ్గకుండా ఉద్యోగులున్న ప్రతి చోటా ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, దాన్ని నియమించిన ఉత్తర్వు అందరికీ కనబడేలా పెట్టాలి. కొత్త ఫారం తయారుచేసే ముందు ఆ కాగితం మీ ఆఫీసు గోడ మీద ఉందో లేదో చూడండి.