ఐస్ ఫ్యాక్టరీ మస్టరుకి నాలుగేళ్లుగా గూగుల్ షీట్స్: నా అనుభవం

భీమవరం దగ్గర ఒక ఐస్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. రొయ్యల పట్టుబడి సీజన్‌లో మిషన్లు ఆగవు. ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10కి షిఫ్టులు మారతాయి. రాత్రి షిఫ్టుకి బత్తా, ఆదివారం పనికి ఒకటిన్నర రెట్లు కూలి. మస్టరు (కూలీల హాజరు) పుస్తకం పక్కన పెట్టి షీట్‌లోకి మారి నాలుగేళ్లయింది.

ముందే చెప్పేస్తాను, మొదటి నెల ఏడిపించింది. షీట్ దృష్టిలో తేదీ అంటే వట్టి అంకె. 2025 జనవరి 1 దానికి 45658. టైము ఆ అంకె పక్కన దశాంశం: ఉదయం 6 అంటే 0.25, మధ్యాహ్నం 12 అంటే 0.5. ఈ సంగతి తెలియక 8 గంటల పనిని గంటకు 60 రూపాయలతో గుణించాను. 480 రావాల్సిన చోట 20 రూపాయలు! ముందు 24తో గుణించాలని తర్వాత తెలిసింది. ఇంకో తమాషా, వారంలో ఆరు షిఫ్టులు చేసినవాడి మొత్తం 0:00 అని చూపించింది. 48 గంటలంటే సరిగ్గా రెండు రోజులు కదా, రోజులు మింగేసి మిగిలిన గంటలే చూపిస్తుంది. ఫార్మాట్‌లో గంటల అక్షరానికి చదరపు బ్రాకెట్లు పెట్టాక దారికొచ్చింది.

రాత్రి 10కి ఎక్కి ఉదయం 6కి దిగినవాడికి మామూలు తీసివేత చేస్తే మైనస్ 16 గంటలు వస్తుంది. ఎక్సెల్‌లో అయితే గడి నిండా హ్యాష్ గుర్తులే. దీనికి మందు ఒక్కటే, మైనస్ వస్తే ఒక రోజు కలిపి ఇచ్చే మాడ్ ఫంక్షన్: =మాడ్(సి2-బి2,1). బి వచ్చిన టైము, సి వెళ్లిన టైము. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

అసలు గొడవ ఆదివారంతో వచ్చింది. తేదీని బట్టి ఏ వారమో అంకెలో చెప్పే వీక్‌డే ఫంక్షన్‌లో రెండో అంకె 2 ఇస్తే సోమవారం 1, ఆదివారం 7. అంతవరకూ సులువే. కానీ శనివారం రాత్రి ఒకడు ఒంట్లో బాగోలేక వెళ్లిపోతే, బదులుగా ఇంకొకడు ఒంటిగంటకు వచ్చాడు. షీట్ అతనికి ఆదివారం కూలి కట్టింది. రాత్రి 10 నుంచి పక్కనే పనిచేసినవాళ్లకు మామూలు కూలి. మా మేస్త్రి వచ్చి నిలదీశాడు: "ఇద్దరిదీ ఒకే షిఫ్టు కదండీ, ఒకడికి శనివారం, ఇంకొకడికి ఆదివారం ఎలాగవుద్దండీ?"

ఆయన మాట న్యాయమే. పంచాంగంలో కూడా వారం మారేది సూర్యోదయానికే గానీ అర్ధరాత్రికి కాదు. అందుకని తేదీ, టైము కలిపి అందులోంచి 0.25, అంటే ఆరు గంటలు తీసేసి వారం అడిగాను. రెండు వారాలు హాయిగా నడిచింది. తర్వాత ఆదివారం ఉదయం షిఫ్టుకి పాపం పది నిమిషాలు ముందొచ్చినవాడు శనివారంలో పడ్డాడు! ఆరు తీసి ఐదు గంటలు చేశాను: =ఇఫ్(వీక్‌డే(ఎ2+బి2-5/24,2)=7,1.5,1). మా దగ్గర ఉదయం షిఫ్టుకి ఐదులోపు వచ్చేవాడు లేడు. ఎ గడిలో తేదీ. మీ షిఫ్టులు వేరైతే ఆ 5 మార్చుకోండి.

వచ్చిన టైముకి నౌ ఫంక్షన్ మాత్రం వాడొద్దు. ఎక్కడ ఏ గడి మార్చినా అది కొత్త టైము వేసుకుంటుంది, అందరూ ఒకే నిమిషంలో వచ్చినట్టు కనబడుతుంది. కంట్రోల్, షిఫ్ట్, సెమీకోలన్ కలిపి నొక్కితే అప్పటి టైము పడి అలాగే ఉంటుంది.

మొదటి ఫైలు డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు చేసి పంపాడు. ఫైలుకి టైమ్‌జోన్ అక్కడిదే ఉండిపోయింది. ఆ ఎండాకాలమంతా ఉదయం పదిన్నర దాకా టుడే ఫంక్షన్ నిన్నటి తేదీ చూపించేది. పైగా ఏప్రిల్ 3 అని 3/4 కొడితే మార్చి 4 అయ్యేది. ఫైల్ సెట్టింగ్స్‌లో దేశం, టైమ్‌జోన్ రెండూ ఇండియాకి మార్చాక తగ్గింది. కొత్త ఫైలు తెరవగానే ముందు ఈ పని చూసుకోండి.

కూలి లెక్కకి నాకు ఇప్పుడు పావుగంట పడుతోంది, పుస్తకంతో ఒక పూట పట్టేది. ముప్పై మంది లోపు ఉన్న చోట డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదనే అంటాను. సెలవులు మాత్రం వేరే షీట్‌లో చేత్తో కొట్టాల్సిందే. ఆగస్టు 15కి చింత లేదు గానీ, ఉగాది తేదీ కోసం ఇప్పటికీ గోడ మీది క్యాలెండరే చూస్తున్నాను.