నాలుగు ఫ్రేములు, ఒక గాజు పెట్టె: ఇన్నీసుపేట ఫ్రేముల షాపు సంగతి

ముందు నా తప్పు ఒకటి చెప్పేస్తాను. పోయినేడాది యూనివర్సిటీ యువజనోత్సవంలో మా కాలేజీ కుర్రాడి బొమ్మకి బహుమతి వచ్చింది. భద్రంగా ఉంటుంది కదా అని జిరాక్స్ షాపుకి పట్టుకెళ్లి లామినేషన్ చేయించింది నేనే. అది ఆయిల్ పేస్టల్స్‌తో వేసిన బొమ్మ. మిషన్ వేడికి మైనం కరిగి, గుడి గోపురం వెళ్లి పక్కనున్న కొబ్బరిచెట్టులో కలిసిపోయింది. కుర్రాడు చూసి "పర్లేదు సార్" అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

నేను రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. బొమ్మల గురించి నాకేమీ తెలియదు. ఈ ఏడాది మా పిల్లలకి ఏకంగా అయిదు బహుమతులు వచ్చాయి. వరండాలో పెట్టించమని ప్రిన్సిపాల్ గారు 4,500 శాంక్షన్ చేసి, ఆ పని మళ్లీ నా నెత్తినే పెట్టారు. ఈసారి మాత్రం తెలిసినవాళ్లని అడిగి, ఇన్నీసుపేటలో ఒక సందులో ఉన్న పాత ఫ్రేముల షాపుకి వెళ్లాను. బోర్డు మీద అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. అడిగితే ఎవరైనా చూపిస్తారు.

ఈ పోటీల సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. పిల్లలు ఇంట్లో వేసి తెచ్చే బొమ్మలు కావివి. హాల్లో కూర్చోబెట్టి, అప్పటికప్పుడు అంశం చెప్పి, రెండున్నర గంటలు టైమిస్తారు. 22 అంగుళాలకి 15 అంగుళాల కాగితం వాళ్లే ఇస్తారు. రంగులు, కుంచెలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. యూనివర్సిటీలో నెగ్గినవాళ్లు జోన్ స్థాయి పోటీలకి, అక్కడా నెగ్గితే జాతీయ స్థాయికి వెళ్తారు. ఇంత హడావుడీ చేసి, అయ్యాక బొమ్మలన్నీ ఒకదాన్లో ఒకటి చుట్టచుట్టి, రబ్బరు బ్యాండు వేసి మా చేతిలో పెట్టారు. షాపాయన ఆ చుట్ట చూసి, "మాస్టారూ, ఇవేమన్నా పోపు సామాన్లా?" అన్నాడు. నేను మాస్టార్ని కాదని చెప్పినా వినడు.

వెంటనే ఫ్రేము నమూనాలు చూపిస్తాడనుకున్నాను. చుట్ట విప్పి, బల్ల మీద పరిచి, నాలుగు మూలలా గాజు ముక్కలు బరువు పెట్టి, అలా వదిలేసి టీ తాగాడు. కాగితం తనంతట తను సర్దుకోవాలట. అరగంట పోయాక ఒక్కొక్కటే చూశాడు.

మొదటిది నీటిరంగుల బొమ్మ. అంశం వాన. బీకాం రెండో ఏడాది అమ్మాయి హేవలాక్ వంతెన స్తంభాలు వేసింది. నీలం, మట్టిరంగు తప్ప మరో రంగు లేదు. మిగతా ట్యూబులు ఎండిపోయాయని తర్వాత తనే చెప్పింది. వాన చోట రంగే వెయ్యలేదు, కాగితాన్ని తెల్లగా వదిలేసింది. 1997లో రైళ్లు ఆగిపోయిన వంతెన కదా, దాని కింద ఒక పడవ, పడవలో గొడుగు. అంతే. నేను ఫైలులా చంకలో పెట్టుకు తిరిగిన కాగితాన్ని ఆయన వెలుగులోకి తిప్పి తిప్పి చూస్తుంటే, అప్పుడు కనిపించింది నాకు వాన.

దీనికి చుట్టూ రెండున్నర అంగుళాల మౌంటు, అంటే బొమ్మ అంచు చుట్టూ వచ్చే మందపాటి అట్ట చట్రం, పెట్టాలన్నాడు. అందానికే అనుకున్నాను. కాదట. మౌంటు మందం వల్ల గాజుకీ బొమ్మకీ మధ్య సందు ఉంటుంది. "మన గోదారి గాలికి గాజు లోపల చెమ్మ పడుతుందండీ. బొమ్మ ఆనుకుని ఉందనుకోండి, రంగొచ్చి గాజుకి అంటుకుంటది." కాగితం వెనకంతా ఫెవికాల్ కూడా పుయ్యలేదు. పైన రెండు చోట్ల కాగితపు టేపుతో వేలాడదీశాడు. తడికి కాగితం సాగినా, ఎండకి ముడుచుకున్నా ముడత పడదట. వెనకాల సన్‌బోర్డు అనే తేలికపాటి ప్లాస్టిక్ అట్ట వేసి, అంచులు టేపుతో మూసేశాడు. నేను ప్లైవుడ్ చవక కదా అంటే, చెదపట్టిన పాత ఫ్రేము ఒకటి తీసి నా ముందు దులిపాడు. ఇంక నోరెత్తలేదు.

కొలాజ్ దగ్గర ఆయన నిజంగా ఆగిపోయాడు. పాత పత్రికల కాగితాలు చింపి అతికించిన కోడిపుంజు అది. ఈకలన్నీ నగల ప్రకటనలే. మెడ దగ్గర కాసులపేరు, తోకలో వడ్డాణం. చుట్ట చుట్టడంతో ముక్కల అంచులు లేచిపోయాయి. నేనైతే గాజు వేసి గట్టిగా నొక్కేస్తే సరి అనుకునేవాణ్ని. ఆయన లేచిన ముక్కల్నే సన్న కుంచెతో ఒక్కొక్కటీ అతికి, మిగతావి అలాగే వదిలేశాడు. గాజు తగలకుండా లోపల అంగుళం ఎత్తు చెక్కపట్టీ వేసి, పెట్టెలాంటి ఫ్రేము కట్టాడు. దానికే 1,400 అయింది, పైసా దండగ కాదు. ఇప్పుడు పక్కనుంచి చూస్తే ఈకల నీడలు కూడా కనిపిస్తాయి.

పోస్టరు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ప్లాస్టిక్ మీద బొమ్మ, చేప కడుపులో సంచి, అందరూ వేసేదే. దానికీ వాన బొమ్మకి కట్టినట్టే కట్టాడు.

మట్టిబొమ్మ ఉందే, బుట్ట నేసే ముసలమ్మ, అది ఫ్రేముకి లొంగేది కాదు. కాల్చని పచ్చిమట్టి. ఆటోలో వచ్చేటప్పుడే మోచేతి దగ్గర బీట తీసింది. "ఇది నా పని కాదండి" అంటూనే, మిగిలిన గాజు ముక్కలు కోసి, సిలికాన్‌తో అతికించి పెట్టె చేసిచ్చాడు. బీట మాత్రం ముట్టుకోలేదు. చేసిన పిల్లే అదే మట్టితో పూడ్చుకోవాలన్నాడు.

ఇక కార్టూను. అంశం ఉద్యోగం. బీఎస్సీ కుర్రాడు వేశాడు. కిటికీ ముందు పెద్ద క్యూ, చివరివాడి గడ్డం నేల మీద పాకుతోంది. కిటికీకి "భోజన విరామం" అని పలక. లోపల గుమాస్తా, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, క్యారేజీ విప్పుతున్నాడు. షాపాయన బొమ్మ చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ బొమ్మ చూశాడు. నేను చెయ్యి పైకెత్తి కళ్లజోడు కిందకి దించుకున్నాను.

ఫ్రేములకి బంగారు రంగు వేయించుకోమని ఆయన కాసేపు సతాయించాడు, అది ఆయనకున్న జబ్బు. వద్దని, ఏది బాగుంటుందో తేలక నసుగుతుంటే, "గట్టు మీద దామెర్ల వారి గ్యాలరీకి వెళ్లి గోడలు చూసి రండి" అని పంపించేశాడు. ఈ ఊళ్లో పుట్టి, యాభై రెండేళ్లొచ్చాక మొదటిసారి చిత్రకారుడు దామెర్ల రామారావు బొమ్మల ముందు నిలబడ్డాను. ఆయన 1925లో మశూచితో పోయేనాటికి నిండా ఇరవై ఎనిమిదేళ్లు లేవు. మా పిల్లల కన్నా ఏడెనిమిదేళ్లే పెద్ద. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చెయ్యి చూసి బొంబాయిలో బొమ్మలు నేర్పే జె.జె. స్కూలు దాకా వెళ్లేలా ప్రోత్సహించాడు. ఆ ఆఫీసులో గుమాస్తా ఎవరో గానీ, ఆ రోజుల్లో లామినేషన్ లేకపోవడం మన అదృష్టం. ఫ్రేముల మాట మరిచిపోయి తిరిగొచ్చి, సన్నటి నల్లవే కట్టమన్నాను.

ఇబ్బందులూ చెప్పాలి. పది రోజులన్నది పదహారు రోజులైంది. ఫోన్ ఎత్తడు. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా మూసేస్తాడు. ఆ సందులో బండి పెట్టడానికి చోటు లేదు. అసలు తంటా బిల్లుతో. తెల్ల చీటీ మీద పెన్సిలుతో లెక్క వేసిస్తాడు. మా అకౌంట్స్ సెక్షన్‌లో అది చెల్లక రెండోసారి వెళ్లి స్టాంపు వేయించుకొచ్చాను. ఆఫీసు పని మీద వెళ్లేవాళ్లు ముందే అడగండి.

లెక్క ఇదీ: వాన బొమ్మకి, పోస్టరుకి 1,050 చొప్పున, కార్టూనుకి 900, కోడిపుంజుకి 1,400, గాజు పెట్టెకి 350. మొత్తం 4,750. బతిమాలితే 200 తగ్గించాడు. శాంక్షన్ పోను 50 రూపాయలు, ఆటో 160 నా జేబులోవి. ఇంత మౌంటుతో, ఇంత పనితనంతో ఇది ఎక్కువేం కాదు. పెళ్లి ఫోటోకి, దేవుడి పటానికి అయితే మెయిన్ రోడ్డు మీద ఇంతకన్నా తొందరగా, చవగ్గా అయిపోతుంది. కాగితం మీద పిల్లలు చేత్తో వేసినదైతే మాత్రం ఇక్కడికే తెండి.

అడక్కుండా చేసిన పని ఒకటుంది. ప్రతి ఫ్రేము వెనకా పిల్లల పేరు, తరగతి, సంవత్సరం రాశాడు. "పడమటి ఎండ తగిలే గోడకి పెట్టకండి, నీటిరంగులు పోతాయి" అని రెండుసార్లు చెప్పాడు. అందుకని వాన బొమ్మని లోపలి వరండాలోకి మార్పించాను. ప్రిన్సిపాల్ గారు కోడిపుంజుని తన గదిలోకి అడిగారు, ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. పోయినేడాది కుర్రాడు ఇప్పుడు ఆఖరి ఏడాది. ఓ మధ్యాహ్నం వచ్చి అన్నీ చూసి, తన గోపురం కొత్తగా వేసిస్తే ఆ షాపులోనే కట్టిస్తారా అని అడిగాడు. నువ్వేం డబ్బులివ్వక్కర్లేదు, నేనే కట్టిస్తానన్నాను.

కార్టూను ఫీజుల కౌంటరు పక్కన, సరిగ్గా నా కిటికీకి ఎదురుగా వేలాడుతోంది. అక్కడ మేకు కొట్టించింది ఎవరో ఎవరూ చెప్పడం లేదు. క్యూలో నిలబడ్డ పిల్లలు ఒకసారి దాన్ని, ఒకసారి నన్ను చూస్తున్నారు. క్యారేజీ మాత్రం ఇప్పుడు వెనక గదిలోకి పట్టుకెళ్లి విప్పుతున్నాను.