దిగుడు దారికి ట్రెకింగ్ కర్ర: ఏళ్ల తరబడి వాడాక

గుట్ట ఎక్కడానికి ఈ కర్ర పెద్దగా అక్కర్లేదు. దిగడానికి మాత్రం కావాలి. అదీ సంక్రాంతి దాటాక, టేకాకు రాలి పెద్దపల్లి జిల్లా రామగిరి ఖిల్లా దారిని కప్పేసినప్పుడు.

శ్రావణంలో ఖిల్లాకు జనం బాగా వస్తారు. తడి రాయి జారుతుందని తెలుసు కాబట్టి చూసుకుని దిగుతారు. ఎండుటాకును ఎవరూ లెక్కచేయరు. దాని కింద ఉన్నది గట్టి రాయో, గులకరాళ్లో, గుంటో పైకి కనబడదు. దారి చూపే గుర్తులు కూడా ఒక్కోసారి ఆకుల కిందికే పోతాయి. కర్రతో ముందు పొడిచి చూసి అడుగేస్తే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది, పాముల టెన్షన్ కూడా కొంత పోతుంది. "కాళ్లు మంచిగనే ఉన్నయి గదా సారూ, కట్టె ఎందుకు?" అని ఓ మేకల కాపరి నవ్వాడు. ఆయన భుజం మీద నా కర్రకంటే పొడవైనది ఉంది!

నాది మూడు ముక్కల అల్యూమినియం కర్ర, వెయ్యి రూపాయల లోపే. కార్బన్‌ది తేలికే గానీ రాళ్ల మధ్య పక్కనుంచి దెబ్బ తగిలితే పగిలిపోవచ్చు. అల్యూమినియం అయితే వంగుతుంది, ఇంటిదాకా పనికొస్తుంది. మొదట కొన్నది తిప్పి బిగించే రకం. వానాకాలం తర్వాత బరువు వేస్తే లోపలికి జారిపోయేది. ఇప్పుడున్నది క్లిప్ లాక్, అంటే పక్కనున్న మీట నొక్కి బిగించే రకం. దాని స్క్రూ అప్పుడప్పుడు వదులవుతుంది, బిగిస్తే సరి. తడిసిన రోజు ముక్కలు విడదీసి ఆరబెట్టాలి. నూనె మాత్రం రాయొద్దు, రాస్తే లాక్ పట్టదు.

చదునైన చోట మోచేయి లంబకోణంలో ఉండే ఎత్తు చాలు. దిగేటప్పుడు ఐదు నుంచి పది సెంటీమీటర్లు పెంచండి. చాలామంది ఇదే మర్చిపోయి ముందుకు వంగి దిగుతారు, నడుము పట్టేసిందని కర్రను తిడతారు.

చిరాకు పెట్టేది ఒకటుంది. మొనకు టేకాకులు విస్తరి కుట్టినట్టు వరసగా గుచ్చుకుంటాయి, మాటిమాటికీ ఆగి లాగేయాలి. రబ్బరు తొడుగు వేస్తే గుచ్చుకోవు గానీ ఎండుటాకు మీద జారుతుంది. అందుకే అడవిలో ఇనుప మొన, బండ మీద రబ్బరు. రేగొండ దగ్గర పాండవుల గుట్టలో అయితే రబ్బరు తప్పనిసరి, అక్కడిది ఇసుకరాయి, గీతలు పడతాయి. ఆదిమానవులు గీసిన ఎర్రరంగు బొమ్మలున్న గుహల దగ్గర నేను కర్ర కుదించి బ్యాగులో పెట్టేస్తాను.

మన గుట్టలకు జత అక్కర్లేదు, ఒకటి చాలు. రెండో చెయ్యి రాయి పట్టుకోవడానికి ఖాళీగా ఉండాలి. వెదురు కర్ర వాడినా తప్పు లేదు, కాకపోతే దాన్ని బస్సులో పెట్టుకోవడం కష్టం. లక్నవరం చెరువు, రామప్ప గుడి చూసి రావడానికే అయితే ఏదీ కొనకండి.