యాసను దిద్దని సబ్‌టైటిళ్లు: విశాఖలో ఒక చిన్న స్టూడియో పనితీరు

ద్వారకానగర్ చుట్టుపక్కల పెళ్లి వీడియోల ఎడిటింగ్ గదులకు లోటు లేదు. మత్స్యకారుల మీదో, మన్యం మీదో డాక్యుమెంటరీ తీసినవాళ్లు అక్కడే సబ్‌టైటిళ్లు వేయిస్తే, సినిమాలో అందరూ రేడియో వార్తలు చదువుతున్నట్టే ఉంటుంది. ఈ స్టూడియో దారి వేరు. మాటలు ఎత్తి రాయడం, అనువాదం, సబ్‌టైటిల్, వాయిస్ ఓవర్: ఇవే వీళ్ల పనులు.

అసలు బలం ఎత్తి రాయడంలో ఉంది. ఎలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మాట్లాడే ఒక్కొక్కరికీ ఒక వరుస, దాని కింద అనువాదానికి మరొకటి పెడతారు. అడిగిన ప్రశ్నకూ వరుస తప్పదు. ప్రశ్నను కోసేసి జవాబొక్కటే ఉంచితే, ఆ మనిషి తనంతట తానే అన్నట్టు కనిపిస్తుంది. ఇక్కడ ఆ కోత ఎడిటింగ్ బల్ల మీదే దొరికిపోతుంది.

మత్స్యకారులుండే జాలారిపేటలో ఎవరైనా "ఏటి సేత్తాం, సంద్రం ఎట్టిందే తింటాం" అంటే తెలుగు సబ్‌టైటిల్లో అదే పడుతుంది. అయితే బీదవాళ్ల యాసను ఉంచి, అధికారి మాటను మాత్రం దిద్దితే అదీ అన్యాయమే. వీళ్లు అధికారిగారి "యాక్చువల్‌గా"లను కూడా కదపరు! ఒక్కో సబ్‌టైటిల్‌కు రెండు లైన్లు, తెర మీద కనీసం ఒక సెకను, గరిష్ఠం ఏడు. పట్టక వదిలేసిన వాక్యాల జాబితా విడిగా ఇస్తారు. ఏది పోవాలో తేల్చేది దర్శకుడే కాబట్టి ఆ జాబితా చాలా విలువైనది.

ఒడిశా సరిహద్దు కొండల్లో కోందులు మాట్లాడే కువి భాష దగ్గరే తేలిపోయారు. కువి నుంచి ఆదివాసీ ఒడియా (మన్యంలో వాడే ఒడియా రూపం), దాన్నుంచి తెలుగు: రెండు చేతులు మారేసరికి పొడవైన జవాబు ఒక్క లైనుగా మిగులుతోంది. నేరుగా తెలుగులోకి చెప్పగల కువి మనిషిని మీరే తెచ్చుకోండి. దుబాసీ పేరు టైటిల్స్‌లో వేయమని ముందే రాయించండి, అడగకపోతే వేయరు. వాయిస్ ఓవర్ వద్దు. అసలు గొంతును మొదట రెండు మూడు సెకన్లు వినిపించి తర్వాత తగ్గించే పద్ధతి సరైనదే, కానీ వీళ్ల దగ్గరున్నవన్నీ నగరపు గొంతులే.

టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ ఉండే సమయం అంకెలు) కనిపించే నమూనా కాపీ, ఒక విడత దిద్దుబాటు ప్యాకేజీలోనే ఉన్నాయి. ఆ కాపీని సినిమా తీసిన ఊళ్లో చూపించాలి. ఫ్రాన్స్‌లో దర్శకుడు జాన్ రూష్, సామాజికవేత్త ఎడ్గార్ మోరాన్ 1961 నాటి తమ సినిమాలోనే, తీసింది అందులోని వాళ్లకు చూపించి వాళ్ల వాదనలనూ కలిపారు. మన్యంలో ఊరికే ప్రొజెక్టర్ పెడితే చాలదు. చదువు రాని పెద్దలకు అనువాదంలో తప్పు పట్టే వీలుండదు. ఒక్కో సబ్‌టైటిల్‌నూ వాళ్ల భాషలోకి తిప్పి చదివే మనిషి పక్కనుండాలి.

అప్పటిదాకా సబ్‌టైటిళ్లను బొమ్మ మీద అచ్చు వేయించకండి, బొమ్మ నుంచి విడిగా ఉండి, ఎప్పుడైనా దిద్దగలిగే ఎస్‌ఆర్‌టీ ఫైలే తీసుకోండి. అచ్చు వేశాక "స్త్రీ", "జ్యోత్స్న" లాంటి మాటల దగ్గర ఆపి చూడండి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో దక్షిణాసియా లిపుల సెట్టింగ్ పెట్టకపోతే వత్తులు విడిపోతాయి.